నాలుగు సంతకాలు

జూలై ఒకటికల్లా ఉత్తరం అందాలి,
మా పిల్లవాణ్ణి ఈ ఏడు ఇంట్లోనే చదివించుకుంటాం అని.
ఒక్క వాక్యం చాలు.
కొందరు నాలుగు పేజీలు రాస్తారు,
బడి మీది కోపమంతా
నా బల్ల మీద గుమ్మరిస్తారు.
నేను తేదీ ముద్ర కొడతాను, దబ్బున.

స్కూల్ డిస్ట్రిక్ట్ ఆఫీసులో ఇరవై రెండేళ్లుగా ఇదే పని.
ఏడాదికి తొమ్మిది వందల గంటలు.
మూడు నెలలకో రిపోర్టు.
లెక్కలు, స్పెల్లింగు, భూగోళం, సంగీతం,
సైకిలు మీద రోడ్డు దాటడం,
ఇల్లు తగలబడకుండా చూసుకోవడం,
అన్నీ నేర్పామని రాయాలి.
నేను చదువు చూడను. గడులు చూస్తాను.
ఖాళీ గడి
పంటి కింద రాయి నాకు.

లబార్జ్ వాళ్ల ఉత్తరం జూన్ ముప్పైన వచ్చింది,
స్టాంపు తలకిందులుగా.
పిల్లవాడు ఆరిన్, నాలుగో తరగతి ఈడు.
తల్లి టామ్సిన్.
సెయింట్ రెజిస్ నదికి ఎగువన, తారు రోడ్డు ఆగిపోయే చోట,
మేపుల్ చెట్లకు గొట్టాలు బిగించుకుని బతికేవాళ్లు.
సంతకం అచ్చక్షరాల్లో ఉంది.
ఏ అక్షరానికా అక్షరం విడిగా,
గడ్డకట్టిన ఏటి మీద
అడుగు వేయడానికి జంకుతున్నట్టు.

మేం పంపే ఫారంలో ఒక గడి ఉండేది:
తల్లిదండ్రుల చదువు.
చట్టం అడగని ప్రశ్న అది.
ఎవరు ఎప్పుడు అచ్చువేయించారో
మా పెల్కీ గారికీ తెలీదు.
ఆమె దాన్ని వదిలేసింది.
నేను ఎర్ర పెన్నుతో సున్నా చుట్టి
తిప్పి పంపాను.
పగేమీ లేదు.
ఖాళీ గడి, అంతే.

ఆకులు రాలాయి. ఫారం రాలేదు.
గడువు దాటితే ఏం చేయాలో నాకు కంఠతా వచ్చు:
ముందు హెచ్చరిక,
ఆపైన వాళ్ల వాకిట్లో హాజరు అధికారి కారు.
కాగితం టైపు చేసి సొరుగులో పెట్టాను.
పంపలేదు.
ఎందుకని అడక్కండి.

నవంబరులో, మొదటి రిపోర్టుతో కలిపి వచ్చింది.
ఎర్ర సున్నాలో పట్టకపోయినా ఇరికించి రాసింది:
"ఎనిమిదో తరగతి. ఇప్పుడు తొమ్మిది."

పొరపాటనుకున్నాను.
కొట్టేద్దామని పెన్ను మూత కూడా తీశాను.
అప్పుడు చూశాను సంతకం.
అక్షరాలు ఒకదాని చెయ్యి ఒకటి పట్టుకున్నాయి.
మొదటి రెండే ఇంకా కాస్త ఎడంగా,
కొత్తగా పరిచయమైనట్టు.

ఫిబ్రవరిలో: "భిన్నాలు ఆరిన్‌కు వచ్చాయి.
నేను భాగహారం దగ్గర"
అక్కడే గీత పెట్టి కొట్టేసింది,
రిపోర్టు తనది కాదని గుర్తొచ్చి కాబోలు.

ఏప్రిల్ కాగితం మూల జిగటగా ఉంది.
సైన్సు గడిలో రాసింది:
"నలభై గ్యాలన్ల నీరు కాస్తే ఒక్క గ్యాలన్ పాకం.
దీన్ని లెక్కల్లో కూడా వేసుకోవచ్చా?"
నాకా అధికారం లేదు.
వేసుకోమని పెన్సిల్‌తో రాసి పంపాను.

జూన్‌లో నాలుగోది, పరీక్ష మార్కులతో.
ఆరిన్ గట్టెక్కాడు,
స్పెల్లింగులో మాత్రం బొటాబొటిగా.
కింద సంతకం:
పెన్ను ఎత్తకుండా ఒకే గీత,
చివర, అవసరం లేకపోయినా,
ఒక వంకీ.

మధ్యాహ్నం అందరూ భోజనానికి పోయాక
నాలుగు కాగితాలూ పక్కపక్కన పరిచాను.
పిల్లవాడి ఎదుగుదలకి నా దగ్గర పన్నెండు గడులు.
ఈ గీతకి ఒక్కటీ లేదు.
ముద్ర ఈసారి మెల్లగా వేశాను,
వంకీ మీద సిరా పడకుండా.

ఆ వేసవిలో ఫారాలు మళ్లీ అచ్చుకు పోతుంటే
తల్లిదండ్రుల చదువు గడి తీయించేశాను.
పెల్కీ గారు గమనించనేలేదు.

ఆగస్టులో లబార్జ్ ఫారం వచ్చింది,
స్టాంపు నిటారుగా.
అన్ని గడులూ నిండి ఉన్నాయి.
పక్క మార్జిన్‌లో,
ఎవరూ అడక్కుండానే:
"పది."